గుట్టు కాచుట, దారి చూపుట

నెల ధ్యాన పాఠము
చదువవలసిన వాక్యభాగములు: సామెతలు 11:13, 2 రాజులు 5:1–27, మార్కు 6:21–28, లూకా 10:30–35



తొర్రూరు చుట్టునున్న మన పల్లె సంఘములలో ఎవరికి కష్టము వచ్చినను మొదట తట్టబడు తలుపు పాదిరి ఇంటి తలుపే. అప్పు, త్రాగుడు, ఆలుమగల తగవు, పెండ్లి కుదరకపోవుట, రాత్రులు నిద్ర పట్టకపోవుట, ఎవరికిని చెప్పుకొనలేని పాపము, ఇవన్నియు ఆ అరుగుమీదికే వచ్చును. పాదిరి లేనప్పుడు సంఘపెద్ద, బైబిలు స్త్రీ, ఆదివారపు బడి ఉపాధ్యాయుడు వినుచుందురు. కాబట్టి ఈ పాఠము పాదిరులకు మాత్రమే వ్రాయబడినది కాదు. ఇతరుల దుఃఖమును వినుటకు చెవి యొగ్గిన ప్రతివారికిని ఇది అవసరము.

విన్న సంగతిని ఎంతవరకు దాచవలెను? ఎప్పుడు ఇతరులకు చెప్పవలెను? పుస్తకములో ఏమి వ్రాసికొనవలెను? మన చేత కానప్పుడు ఎవరి యొద్దకు పంపవలెను? ఈ నాలుగు ప్రశ్నలను వాక్యపు వెలుగులో ఆలోచింతము.

మా తప్పు

ముందుగా మా తప్పు ఒప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును వెళ్లిన తరువాత ఒక సహోదరి మందిరపు మెట్లమీదనే కూర్చుండి యుండెను. మేము తాళము వేయబోవుచుండగా, "అయ్యగారూ, ఒక్క మాట చెప్పుకోవాలె. కాని ఎవ్వరితోటి చెప్పనని ముందు మాటియ్యిండ్రి" అనెను. మేము వెంటనే మాట ఇచ్చితిమి. తన భర్త త్రాగి వచ్చి కొట్టుచున్నాడనియు, బిడ్డలు చూచి వణకుచున్నారనియు ఆమె ఏడ్చుచు చెప్పెను. ప్రార్థించి ఆమెను పంపితిమి.

ఆ వారమే స్త్రీల ప్రార్థన కూటములో మేము, "మన మధ్య ఒక కుటుంబము ఉన్నది. ఇంటి యజమానుడు త్రాగుడుకు లోబడి భార్యను హింసించుచున్నాడు. వారికొరకు భారముతో ప్రార్థించుడి" అని చెప్పితిమి. పేరు చెప్పలేదు గదా అని తృప్తిపడితిమి. డెబ్బది ఇండ్లున్న వాడలో పేరు చెప్పవలసిన పని ఏమున్నది? దీపములు పెట్టు వేళకు ఆ మాట భర్త చెవిని పడెను. ఆ రాత్రి ఆమె మునుపటికంటె ఎక్కువగా దెబ్బలు తినెను. తరువాత తొమ్మిది నెలలు ఆమె మందిరపు గడప త్రొక్కలేదు. బజారులో కనబడినప్పుడు మా ముఖము చూడక ప్రక్కసందులోనికి తిరిగిపోయెడిది.

దేవుని కృపవలన ఆమె మమ్మును క్షమించెను. ఈ సంగతి వ్రాయవచ్చునా అని అడుగగా, "ఇంకొకరికి ఇట్ల కాకుంటే చాలు, రాయిండ్రి" అని అనుమతి ఇచ్చెను. అయినను ఆనవాళ్లు కొన్ని మార్చితిమి. ఈ పాఠములో చెప్పబడు ఇతర సంగతులును ఆయా వ్యక్తుల అనుమతితోనే వ్రాయబడినవి.

నోవహు కుమారుల సంగతి ఆదికాండము 9వ అధ్యాయములో ఉన్నది. తండ్రి వస్త్రహీనుడై పడియుండుట హాము చూచెను. చూచుట అతని చేతిలో లేని పని. చూచినదానిని బయటికి పోయి చెప్పుట మాత్రము అతడు తానై చేసిన పని. షేము, యాపెతు అను ఇద్దరు వస్త్రము తీసికొని, తండ్రివైపు చూడకుండ వెనుకకు నడచిపోయి కప్పిరి. మేము చేసినది హాము పని. ప్రార్థన మనవి అను మంచి పేరు పెట్టి చేసితిమి గనుక అది మరింత చెడ్డది.

1. వినుటకు ముందే మాట ఇయ్యరాదు

మా మొదటి తప్పు కూటములో చేసినది కాదు, మెట్లమీద చేసినది. సంగతి ఏమిటో తెలియకమునుపే మాట ఇచ్చితిమి. హేరోదు విందులో కూర్చుండి, ఆ చిన్నది ఏమి అడుగునో తెలియకయే ప్రమాణము చేసెను. యోహాను తల అడుగబడినప్పుడు దుఃఖపడెను గాని, ప్రమాణము నిమిత్తము హత్యకు ఒప్పుకొనెను. తెలియక ఇచ్చిన మాట రెండు విధముల కీడు చేయును. మాట నిలుపుకొన్నయెడల ఒకప్పుడు ఒక ప్రాణము పోవును. తప్పినయెడల నమ్మకము పోవును.

కాబట్టి ఎవరైనను ఎవ్వరితోను చెప్పవద్దని అడిగినప్పుడు ఇట్లు ఉత్తరమియ్యవచ్చును: "అమ్మా, నీ సంగతి ఊరిలో చెప్పను. మందిరములో చెప్పను. మా ఇంటిలో సహా చెప్పను. అయితే ఎవరి ప్రాణమునకైనను, చిన్న బిడ్డకైనను అపాయమున్నదని తెలిసినయెడల, సహాయము చేయగలవారికి చెప్పక తప్పదు. అప్పుడైనను ముందు నీతో చెప్పియే చెప్పెదను." ఈ మాట విని కొందరు లేచిపోవుదురేమో అని మేము భయపడితిమి. ఇంతవరకు లేచిపోయినవారు అరుదు. హద్దు తెలిసిన చేనునే రైతు ధైర్యముగా దున్నును.

ఈ హద్దు దేశపు చట్టములో కూడ ఉన్నది. 2012 సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము, పదునెనిమిది సంవత్సరములు నిండని బిడ్డపై లైంగిక అత్యాచారము జరిగినదని గాని జరుగునని గాని తెలిసిన ఎవరైనను పోలీసువారికి తెలుపవలెను. తెలుపనివారికి ఆరు నెలలవరకు జైలుగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపబడవచ్చును. పాదిరికి ఇందులో మినహాయింపు లేదు. "సంఘపు పరువు పోవును, పెద్దమనుష్యులలో కూర్చుండి సర్దుదము" అనుట ఆ బిడ్డను రెండవమారు గాయపరచుటయే. చిన్నవారిని ఆటంకపరచువారిని గూర్చి ప్రభువు తిరుగటిరాయి పేరెత్తి పలికిన కఠినమైన మాటను మత్తయి 18వ అధ్యాయములో చదువుడి. పిల్లల సహాయమునకు 1098 అను నంబరు ఉన్నది. అయితే బిడ్డ పేరును, ఇంటి పేరును వాడలో ఎవరికిని తెలియనీయకూడదు. చెప్పవలసినవారికి చెప్పుటయు, తక్కినవారియొద్ద దాచుటయు ఒకే కర్తవ్యములోని రెండు భాగములు.

మరియొక సంగతి. న్యాయస్థానములో వకీలు తన కక్షిదారుడు చెప్పిన మాటలను బయటపెట్టనవసరము లేదని చట్టము రక్షణ ఇచ్చినది. 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులుగా 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను అట్లే ఉన్నది. అట్టి రక్షణ పాదిరికి అందులో వ్రాయబడలేదు. మన చేతిలో లేని భద్రతను ఇతరులకు వాగ్దానము చేయరాదు.

2. విన్న సంగతి ఎవరిది?

ఒకడు తన గొడ్డలిని దాచుమని మన ఇంట పెట్టినయెడల అది మనది కాదు. చెప్పబడిన సంగతియు అట్టిదే. చెప్పినవారి అనుమతి లేకుండ దానిని మనము వాడుకొనరాదు. ప్రసంగములో ఉదాహరణగా చెప్పరాదు. ప్రార్థనగా మార్చి బయట పెట్టరాదు. ఈ దినములలో సంఘపు వాట్సాప్ గ్రూపులలో ప్రార్థన మనవులు వచ్చుచున్నవి. ఫలాని చెల్లెలికి గర్భస్రావమైనదనియు, ఫలాని అన్నకు మతి చలించినదనియు, ఆసుపత్రి కాగితపు ఫొటోతో సహా పంపుచున్నారు. హైదరాబాదులో పని చేయుచున్న పిల్లలును, వియ్యాలవారి బంధువులును దానిని చదువుదురు. నోట వచ్చిన మాట ఒకనాటికి మరువబడునేమో గాని, ఫోనులో పడినది చెరిగిపోదు. "పేరు తెలియని ఒక సహోదరికొరకు" అని కూడ వ్రాయవలదు; మా అనుభవము పైన చెప్పితిమి. "కష్టములోనున్న కుటుంబములన్నిటికొరకు" అని ప్రార్థించినయెడల దేవునికి ఇల్లు తెలియును.

ప్రభువు దృష్టాంతము చూడుడి. చెవిటివాడును నత్తివాడునైన ఒకని ఆయనయొద్దకు తెచ్చినప్పుడు, ఆయన వానిని జనసమూహములోనుండి ప్రక్కకు తీసికొనిపోయెను (మార్కు 7:33). బేత్సయిదాలో గ్రుడ్డివాని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించెను (మార్కు 8:23). స్వస్థపరచుటకు ఆయనకు చాటు అవసరము లేదు. ఆ మనుష్యునికి అవసరమైయుండవచ్చును. యోసేపు నీతిమంతుడై యుండి మరియను బహిరంగముగా అవమానపరచ నొల్లకపోయెను (మత్తయి 1:19). అతడు తాను మోసపోయితినని తలంచిన ఘడియలో సహా ఆమె మర్యాదను కాపాడ చూచెను.

పెండ్లి సంబంధముల కాలములో ఈ విషయమున మనకు గొప్ప శోధన వచ్చును. పిల్లవానిని గూర్చి విచారించుటకు వచ్చినవారు, "మీకు తెలియనిది ఏమున్నది అయ్యగారూ, ఆరోగ్యము మంచిదేనా?" అని అడుగుదురు. ఆ పిల్లవాడు తనకు ఎచ్.ఐ.వి. ఉన్నదని మనతో నమ్మి చెప్పియుండెననుకొనుడి. ఏమి చేయుదుము? 2017 సంవత్సరపు ఎచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్నది. నమ్మకముతో చెప్పబడిన ఈ సంగతిని ఆ వ్యక్తి తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండ వెల్లడి చేయరాదని ఆ చట్టము చెప్పుచున్నది. భాగస్వామికి తెలుపవలసి వచ్చినయెడల అందుకు వైద్యునికిని, శిక్షణ పొందిన సలహాదారునికిని ప్రత్యేక విధానము ఏర్పరచబడినది.

అట్లని మనము అబద్ధమాడి "ఏమియు లేదు" అనరాదు. ఊరకుండి ఆ ఆడపిల్లను చీకటిలోనికి పంపనురాదు. వచ్చినవారితో, "ఎవరి ఆరోగ్యమును గూర్చియు మేము సాక్ష్యము చెప్పము. మన సంఘములో ప్రతి జంటయు పెండ్లికి ముందు వైద్యునియొద్ద పరీక్ష చేయించుకొనుట మంచిదని అందరికిని చెప్పుచున్నాము" అని చెప్పుదుము. ఇది నిజముగా అందరికిని ముందునుండి చెప్పుచుండవలెను. లేనియెడల ఈ మాటయే కొండెమగును. తరువాత ఆ పిల్లవానితో కూర్చుండి, తానే ఆ పిల్లకు చెప్పవలెననియు, దాచి తాళి కట్టుట పాపమనియు, నేరము కూడ కావచ్చుననియు స్పష్టముగా బోధించి, ప్రభుత్వ ఆసుపత్రిలోని సలహా కేంద్రమునకు అతనితో కూడ వెళ్లుదుము. అతడు చెప్పనొల్లనియెడల ఆ వివాహమును మేము జరిపించమని అతనితోనే చెప్పుదుము. ఇది సులభమైన దారి కాదు. దీనిలో నిద్రలేని రాత్రులున్నవి. అయితే గుట్టు, సత్యము, ఆ పిల్ల ప్రాణము అను మూడింటిని కాచుటకు ఇంతకంటె మంచి దారి మాకు కనబడలేదు.

3. పుస్తకములో ఏమి వ్రాయవలెను?

మన సంఘములో రెండు విధములైన పుస్తకములు ఉన్నవి. ఒకటి సంఘపు రిజిస్టర్లు: బాప్తిస్మము, వివాహము, భూస్థాపన, సంఘసభ్యుల జాబితా. వివాహపు రిజిస్టరు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము ఉంచబడునది. అది అందరికి సాక్ష్యముగా ఉండవలసిన పుస్తకము, దానికి నకలు ఇయ్యవచ్చును. రెండవది దర్శన పుస్తకము: ఎవరి ఇంటికి పోతిమి, ఏమి వింటిమి అని పాదిరి తన జ్ఞాపకము కొరకు వ్రాసికొనునది. మొదటిది సంఘపు సొత్తు. రెండవది ఎవరి కష్టము అందులో ఉన్నదో వారి సొత్తు. ఈ రెండింటిని కలుపుట వలన అనర్థములు పుట్టుచున్నవి. ఒక కుటుంబపు తగవును కమిటీ మినిట్సు పుస్తకములో వివరముగా వ్రాసినయెడల, ఇరువది సంవత్సరముల తరువాత ఆ ఇంటి మనుమడు కార్యదర్శియై తన అవ్వ సంగతి చదువవలసి వచ్చును.

దర్శన పుస్తకములో మేము ఇప్పుడు నాలుగు సంగతులు మాత్రమే వ్రాయుచున్నాము: తేది, ఎవరిని కలిసితిమో తెలుపు ఒక గురుతు, వారు ఏ సహాయము కోరిరి, తరువాత మేము చేయవలసిన పని ఏది. పాపము వివరములు వ్రాయము. మేము కన్నులార చూడనిదానిని జరిగినదని వ్రాయము. "ఇట్లు చెప్పిరి" అని వ్రాయుదుము. "పిచ్చి", "చెడినది", "దయ్యము పట్టినది" వంటి తీర్పు మాటలు వ్రాయము. ఆ వ్యక్తి మా భుజముమీదుగా వంగి చదివినను సిగ్గుపడనవసరము లేని మాటలే ఉండవలెను. పుస్తకము పెట్టెలో తాళము క్రింద ఉండును. అడిగినవారికి తమ్మును గూర్చి వ్రాసినది చూపుదుము.

పాదిరికి బదిలీ అయినప్పుడు ఈ పుస్తకము ఏమి కావలెను? మన పొరుగుననే డోర్నకల్లు ఉన్నది. 1912లో ఆ అధ్యక్ష మండలమునకు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషపుగా నియమింపబడిన వి. యస్. అజరయ్యగారు పల్లె ఉపదేశకులను తరిఫీదు చేయుటకు తన జీవితమును వెచ్చించెను. అప్పటినుండి మన పల్లెలలో ఉపదేశకులు వచ్చుచుందురు, పోవుచుందురు. ప్రజలు అక్కడనే ఉందురు. ప్రజలు ఒక ఉపదేశకుని నమ్మి చెప్పినది అతని తరువాతివానికి చెప్పినట్లు కాదు. కాబట్టి వెళ్లుటకు ముందు, ఇంకను సహాయము కావలసిన వారిని ఒక్కొక్కరిని అడిగి, "మీ సంగతి క్రొత్త అయ్యగారికి తెలుపుదునా? ఎంతవరకు తెలుపుదును?" అని వారి మాట ప్రకారము చేయవలెను. తక్కిన పుటలను పొయ్యిలో వేయవలెను.

పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక ఈ విషయములో మనకు మాదిరి. ఒనేసిము తప్పు ఏదో ఆ పత్రికలో వివరింపబడలేదు. అతడు ఏదైన నష్టము చేసినయెడల, బాకీ యున్నయెడల, అది తన లెక్కలో చేర్చుమని మాత్రమే పౌలు వ్రాసెను. ఆ పత్రిక ఇరువది శతాబ్దములుగా లోకమంతట చదువబడుచున్నను, ఒనేసిముకు సిగ్గు కలుగలేదు.

4. ఎవరియొద్దకు పంపవలెను?

ఇప్పుడు నయమాను సంగతికి వత్తము. చెరపట్టబడిన ఆ చిన్నదానికి స్వస్థపరచుట చేతకాదు. అయితే ఎవరియొద్దకు పోవలెనో తెలియును: షోమ్రోనులోనున్న ప్రవక్తయొద్దకు. ఇదియే ఆమె జ్ఞానము. సిరియా రాజు ఏమి చేసెను? వెండి బంగారములిచ్చి, ఒక ఉత్తరము వ్రాసి, ఇశ్రాయేలు రాజునొద్దకు పంపెను. ఆ ఉత్తరములో ప్రవక్త మాట లేదు. కుష్ఠము బాగుచేయుమని మాత్రమున్నది. దానిని చదివి ఇశ్రాయేలు రాజు బట్టలు చింపుకొని, ఇది యుద్ధమునకు సాకు అని భయపడెను. తప్పు చిరునామాకు పోయిన ఉత్తరము రెండు రాజ్యముల మధ్య చిచ్చు పెట్టబోయెను. నేడును కొందరు సలహాదారులు ఆ రాజువలెనే పంపుచున్నారు: పెద్ద పేరున్న చోటికి పంపుదురు గాని, తగిన చోటికి పంపరు.

మనలో ఒక పెద్ద లోపమున్నది. మనస్సుకు కలిగిన రోగమును రోగమని ఒప్పుకొనుటకు సిగ్గుపడుదుము. ఎవరైనను వింతగా మాటలాడినయెడల "వీనిని ఎర్రగడ్డకు పంపవలె" అని నవ్వుకొందుము. ఆ నవ్వు విన్న రోగి ఎర్రగడ్డకు గాని, వరంగల్లు ఎం.జి.ఎం.కు గాని ఏ ముఖముతో పోవును? అందుకే ఉపవాస కూటములకు, స్వస్థత శిబిరములకు త్రిప్పుదురు; కొన్నిచోట్ల గొలుసులతో కట్టివేయుదురు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత కోరి వచ్చిన మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడిన 28 మంది పారిపోలేక కాలి చనిపోయిరి. అది ఇతర మతస్థుల చోటు గదా అని మనము తప్పించుకొనరాదు. మన ప్రార్థన స్థలములలో గొలుసులు లేవని ప్రమాణము చేయగలమా? 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము (2018 మే 29 నుండి అమలు) మానసిక రోగిని ఏ విధముగాను గొలుసులతో బంధింపరాదని నిషేధించినది. రోగి సంగతిని గోప్యముగా ఉంచుట అతని హక్కు అనియు ఆ చట్టములో ఉన్నది.

వైద్యమును విశ్వాసమును శత్రువులు కావు. ఐడా స్కడ్డరు దొరసాని 1900లో వేలూరులో ఒక మంచముతో ఆరంభించిన వైద్యసేవయే నేటి క్రైస్తవ వైద్య కళాశాల. అక్కడ మానసిక రోగులకు ప్రత్యేకమైన ఆసుపత్రియు ఉన్నది. కాబట్టి మాత్రలు మ్రింగుచున్న వారితో "నీకు విశ్వాసము లేదు, మాత్రలు మానివేయుము" అని ఎవరును అనకూడదు. మేము వైద్యులము కాము. మాత్రలు తగ్గించుట, మానుట వైద్యుని పని. ప్రార్థించుటయు, తోడుండుటయు మన పని.

ఇక మరణపు తలంపు సంగతి. 1997–98లో ప్రత్తి పంట పురుగు వలన నాశనమై, అప్పులు తీర్చలేక మన ఉమ్మడి వరంగల్లు జిల్లాలో అనేకమంది రైతులు, పంటకు కొట్టవలసిన మందును తామే త్రాగి చనిపోయిరి. ఆ మందు డబ్బా నేటికిని మన కొట్టములలో ఉన్నది.

ఒక సంవత్సరము కార్తికములో ఒక సహోదరుడు మాయొద్దకు వచ్చి, పొలము సంగతి, బిడ్డ చదువు సంగతి మాటలాడి, లేవబోవుచు, "ఇగ మీకు నాతోటి కష్టముండదు అయ్యగారూ" అనెను. మేము అతని చెయ్యి పట్టుకొని సూటిగా అడిగితిమి: "తమ్ముడా, చావవలెనని ఉన్నదా?" అట్లు అడుగుటవలన లేని తలంపు పుట్టదు, ఉన్నది బయటికి వచ్చును. అతడు తల వంచెను. "మందు ఇంట్ల ఉన్నదా?" "కొట్టంల ఉన్నది. మా ఇంటిదానికి చెప్పకుండ్రి." "ఇది దాచరానిది తమ్ముడా. నీ వెనుక చెప్పను. నీ యెదుటనే చెప్పుదును" అని అతనితో కూడ నడచి ఇంటికి పోతిమి. భార్యకును అన్నకును మూడు మాటలే చెప్పితిమి: ఇతనికి మనస్సు బాగులేదు, ఒంటరిగా విడువరాదు, కొట్టములోని మందు డబ్బా ఈ రాత్రియే ఇల్లు దాటవలెను. అప్పు ఎంత, ఎవరియొద్ద తెచ్చెను, మరి ఏమి చెప్పెను అను సంగతులు మేము ఎత్తలేదు. అవి అతడు చెప్పవలసినవి. ఆ రాత్రి అక్కడనే పండుకొంటిమి. తెల్లవారి మొదటి బస్సుకు ముగ్గురము వరంగల్లు పోతిమి.

అతడు రెండు నెలలు మాతో మాటలాడలేదు. నమ్మి చెప్పినదానికి ద్రోహము చేసితిరని కోపము. ఆ కోపమును మేము భరించితిమి. బ్రదికియున్నవాడే గదా కోపపడును. పోయిన సంవత్సరము అతడు కల్లములో మిరపకాయలు ఎండబోయుచు మమ్మును పిలిచి, ఒక సంచి నిండ కాయలు ఇచ్చెను. ఆ సంగతి మేమును ఎత్తలేదు, అతడును ఎత్తలేదు.

చనిపోవ యత్నించినవానిని పోలీసు కేసు పేరు చెప్పి భయపెట్టుట ఇంకను మన పల్లెలలో ఉన్నది. అట్టివాడు తీవ్రమైన మనోవేదనలో ఉండెనని భావించి, శిక్షింపక సంరక్షణ చూపవలెనని 2017 చట్టములోని 115వ సెక్షను చెప్పుచున్నది. రాత్రి పగలు ఏ వేళనైనను 14416 అను టెలిమానస్ నంబరునకు తెలుగులో మాటలాడవచ్చును; ఇది 2022 అక్టోబరు 10న ఆరంభింపబడిన ప్రభుత్వ సేవ, దీనికి రుసుము లేదు. ఈ నంబరును మందిరపు తలుపుమీద వ్రాయుడి.

భర్త చేతి దెబ్బలు తినుచున్న సహోదరి సంగతి వేరు. ఆమె పెద్దది, బుద్ధి తెలిసినది; నిర్ణయము ఆమెది. 2005 సంవత్సరపు గృహహింస చట్టము, జిల్లాలోని సఖి కేంద్రము, 181 నంబరు, ఇవి ఉన్నవని చెప్పి, ఎప్పుడు కావలెనన్నను తోడు వత్తుమని మాట ఇయ్యవలెను. ఆమె సిద్ధపడక ముందు ఆమె పేరిట మనము పరుగెత్తరాదు. ప్రాణాపాయము కనబడిన ఘడియలో మాత్రము ఆలస్యము చేయరాదు. ఆ దినమున మెట్లమీద మేము ఈ మాటలు చెప్పియుండవలసినది.

5. పంపుటలో మూడు జాగ్రత్తలు

మొదటిది, ఉత్తరము. ఒకప్పుడు మేము ఒక యౌవనస్థురాలిని వైద్యునియొద్దకు పంపుచు, ఆమె చిన్ననాటి సంగతులన్నియు రెండు పుటలు వ్రాసి, కవరు అంటింపక ఆమె బంధువు చేతికి ఇచ్చితిమి. అతడు బస్సులో చదివెను. ఆ కుదిరిన సంబంధము తప్పిపోయినది. అప్పటినుండి మా ఉత్తరము ఐదు వరుసలు దాటదు: ఎవరు, ఎన్ని దినములనుండి ఏ బాధ, ఇప్పుడు ఏ మందులు వాడుచున్నారు, ఏ సహాయము కోరుచున్నాము. దానిని ముందు ఆ వ్యక్తికే చదివి వినిపించి, సరేనన్న తరువాత కవరు అంటించి, ఆ వ్యక్తి చేతికే ఇత్తుము.

రెండవది, డబ్బు. ఎలీషా నయమాను కానుకను నిరాకరించెను. గేహజీ వెనుక పరుగెత్తి రెండు మణుగుల వెండియు బట్టలును పుచ్చుకొనెను. కుష్ఠము అతనికి అంటెను. రోగిని ఫలాని ఆసుపత్రికి పంపినందుకు పంపినవారికి కమీషను ఇచ్చు దురాచారము మన పట్టణములలో ఉన్నది. దేవుని సేవకుడు ఆ రూపాయి ముట్టినయెడల, అతడు పంపిన చోటు రోగికి మంచిదా, తనకు మంచిదా అని తానే చెప్పలేడు.

మూడవది, తిరిగి వచ్చుట. మంచి సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారములిచ్చి, మరల వచ్చెదనని చెప్పి పోయెను. తనకు తెలిసినంత నూనెయు ద్రాక్షారసమును పోసెను, తనకు చేతకాని సేవను చేయగలవానికి అప్పగించెను, అప్పగించి మరువలేదు. పంపుట అనగా వదలించుకొనుట కాదు. ఆసుపత్రినుండి వచ్చినవారి ఇంటికి మొదటి వారములోనే పోవుడి. "డాక్టరు ఏమనెను?" అని అడుగవలదు. "అన్నము తింటివా?" అని అడుగుడి. వారు చెప్పదలచినది వారే చెప్పుదురు.

ఇంగ్లాండులో చాడ్ వారా అను ఆంగ్లికన్ పాదిరి 1935లో ఒక చిన్న బాలికను సమాధి చేసెను. దేహములో సహజముగా కలిగిన మార్పును చెడ్డ రోగమని భయపడి, అడుగుటకు ఎవరును లేక ఆ బిడ్డ ప్రాణము తీసికొనెను. ఆ పాదిరి దానిని మరువలేక, 1953లో లండనులోని తన దేవాలయములో ఒక ఫోను పెట్టి, చావ తలచినవారు మాటలాడుటకు దారి తెరచెను. ఆ సంస్థకు వచ్చిన పేరు సమరయులు. గుట్టు కాచి వినువారు ఒక్కరున్నను ఎన్ని ప్రాణములు నిలుచునో దీనివలన తెలిసికొందము.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ప్రార్థన కూటములలో మనవులు ఏ విధముగా చెప్పుచున్నాము? ఎవరి గుట్టయినను బయటపడుచున్నదా?
2. వినుటకు ముందు మాట ఇయ్యుమని అడిగినప్పుడు మీరు ఏమి చెప్పుదురు? బిగ్గరగా ఒకసారి చెప్పి చూడుడి.
3. మన సంఘపు పుస్తకములు ఎక్కడ ఉన్నవి? తాళము ఎవరియొద్ద ఉన్నది?
4. మన పల్లెనుండి మనోవ్యాధిగ్రస్తుని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు ఎవరు తోడు పోగలరు? బస్సు ఖర్చు ఎక్కడనుండి వచ్చును?

ప్రార్థన: మా తలంపులన్నియు ఎరిగియు వాటిని ఊరిలో చాటింపని తండ్రీ, మా నోటికి కావలి యుంచుము. దాచవలసినదానిని దాచు నమ్మకమును, చెప్పవలసినదానిని చెప్పు ధైర్యమును, ఆ రెండింటికి భేదమెరుగు జ్ఞానమును దయచేయుము. మా తొందర మాటవలన గాయపడిన వారిని బాగుచేసి, వారి యెదుట మమ్మును దీనులనుగా చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.